సుపీరియర్ సరస్సు ఒడ్డు నుంచి మన తెలుగు సంఘాలకు ఒక ఉత్తరం

అంటారియోలోని తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులందరికీ నమస్కారం.

నేను మిస్సిసాగాలో పన్నెండేళ్ళుగా ఉంటున్నాను. మీరు చేసే ఉగాదికి, బతుకమ్మకి, వనభోజనాలకి పిల్లల్ని తీసుకుని ఏటా వస్తూనే ఉన్నాను. ఇన్నేళ్ళలో మిమ్మల్ని ఏదీ అడగలేదు. ఇప్పుడు ఒకటి అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను, ఇక్కడి సరస్సుల చన్నీళ్ళలో మనవాళ్ళు మునిగిపోకుండా చూసుకోవడం గురించి. మే నెల లాంగ్ వీకెండ్‌కి ఇంకా రెండు నెలల టైముంది. మీరు తలుచుకుంటే ఆ లోపు అయిపోయే పనే.

అదేమిటో వివరంగా చెప్పేముందు పోయిన జూన్ చివర్లో మేం చేసిన ప్రయాణం గురించి చెప్పాలి.

అప్పుడు మా అమ్మ ఇక్కడే ఉంది. మాది అమలాపురం దగ్గర ఒక పల్లెటూరు. నాన్న పోయాక అమ్మ మా దగ్గరికి రావడం అదే మొదటిసారి. నయాగరా, సీఎన్ టవర్, గుళ్ళు, మాల్సు అన్నీ తిప్పాం. అన్నీ చూసి, "ఎక్కడికెళ్ళినా జనమేనే. కాస్త కాళ్ళు చాపుకుని కూర్చునే చోటు లేదా మీ ఊళ్ళో?" అంది. ఆ మాట పట్టుకుని కెనడా డే సెలవులకి ఉత్తరం వైపు బయల్దేరాం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, అమ్మ, ఇక్కడ కాలేజీలో చేరి పది నెలలైన మా పిన్ని కొడుకు. కూలర్ నిండా పులిహోర, పెరుగన్నం, చపాతీలు. అమ్మ పక్కన ఆవకాయ సీసా.

400 హైవే ఎక్కి, పారీ సౌండ్ దాటి, సడ్బరీ దగ్గర 17వ నంబరు రోడ్డుకి తిరిగి, సూ సెయింట్ మేరీ చేరేసరికి చీకటి పడింది. ఏడు వందల కిలోమీటర్లు. రాత్రి అక్కడ పడుకుని పొద్దున్నే మళ్ళీ బయల్దేరాం. ఆ ఊరు దాటాక రోడ్డు స్వభావమే మారిపోతుంది. ఒక పక్క గులాబీ రంగు కొండరాళ్ళు, ఇంకో పక్క చెట్ల సందుల్లోంచి నీళ్ళు. సుపీరియర్ సరస్సు ఒడ్డునే సాగే ఈ ట్రాన్స్ కెనడా రోడ్డు పూర్తిగా తెరిచింది 1960లోనే. అంతకు ముందు ఇంకా ఉత్తరానున్న వావా అనే ఊరివాళ్ళు కారులో సూ దాకా రావాలంటే దారే లేదు. చిప్పెవా జలపాతం దగ్గర ఆగి టీ తాగాం. ఆ చివర నుంచి ఈ చివర దాకా ట్రాన్స్ కెనడా హైవేకి అది సగం దూరమని అక్కడ ఒక ఫలకం పెట్టారు. మా పెద్దాడు దాని మీద చెయ్యి వేసి ఫొటో తీయించుకున్నాడు.

సూ నుంచి గంట లోపు ప్రయాణంలో పాన్‌కేక్ బే ప్రొవిన్షియల్ పార్కు వస్తుంది. మూడు కిలోమీటర్లకు పైగా ఇసుక తీరం. జంతువుల చర్మాల వ్యాపారం నడిచిన రోజుల్లో పడవల్లో సరుకు తెచ్చేవాళ్ళు, ఇంకొక్క రోజులో సూ చేరతామనగా ఇక్కడ ఆగి, మిగిలిన పిండితో అట్లు పోసుకునేవాళ్ళట. ఆ పేరు అలా వచ్చిందని చెప్తారు. నేను ఈ కథ చెప్పగానే అమ్మ, "అంటే అట్ల రేవన్నమాట" అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు అట్ల రేవే.

పైన్ చెట్ల మధ్య నుంచి ఇసుకలోకి వచ్చాక అందరం ఒక్క నిమిషం మాట్లాడలేదు. లాంగ్ వీకెండ్ అయినా కనుచూపు మేరలో పదిమంది కంటే లేరు. గాలి లేదు. ఒడ్డు దగ్గర అలలు వేలెడంత ఎత్తున వచ్చి, చప్పుడు కాకుండా వెనక్కి పోతున్నాయి. అడుగున గులకరాళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు, నీళ్ళు అంత తేటగా ఉన్నాయి. దూరంగా పోయేకొద్దీ ఆకుపచ్చ, ఆ తర్వాత నీలం, ఆ తర్వాత ఆకాశమో నీళ్ళో తెలియదు.

అమ్మ చెప్పులు విడిచి ఒడ్డుకు వెళ్ళింది. అంతర్వేదిలో సముద్రం చూసి పెరిగిన మనిషి. కాసేపు గాలి పీల్చి, "ఇంత నీరుంది, ఉప్పు వాసన లేదేంటే?" అంది. వంగి దోసిట్లో నీళ్ళు తీసుకుని ఒక చుక్క నాలిక మీద వేసుకుంది. ఆ తర్వాత నా వైపు తిరిగి, చిన్న పిల్లలాగా కళ్ళు పెద్దవి చేసి, "మంచినీళ్ళే!" అంది. ఆ ముఖం నేను మర్చిపోలేను. ఆ సరస్సు విస్తీర్ణం 82,100 చదరపు కిలోమీటర్లు. అంటే మన తెలంగాణలో దాదాపు నాలుగింట మూడు వంతులు ముంచేసేంత. విస్తీర్ణంలో ప్రపంచంలో దాన్ని మించిన మంచినీటి సరస్సు లేదు. లోతైన చోట 406 మీటర్లు. అక్కడి ఆదివాసులైన ఓజిబ్వే జనం దాన్ని గిచిగామి అంటారు, పెద్ద సముద్రం అని అర్థం.

అమ్మ అడిగిన చోటు దొరికింది. కాళ్ళు చాపుకుని కూర్చుంది. నేను చపాతీలు తీస్తున్నాను. పిల్లలు ఇసుకలో గుంట తవ్వుతున్నారు. మా తమ్ముడు టీషర్ట్ విప్పాడు.

"చల్లగా ఉంటాయేమోరా, చూసుకుని దిగు" అన్నాను. "కాలవలో ఈదినోణ్ణక్కా నేను" అన్నాడు. నిజమే. ఎనిమిదేళ్ళకే మా ఊరి లాకుల దగ్గర గట్టు మీంచి దూకేవాడు. ఈతలో వాడితో పోటీపడేవాడు మా వీధిలో లేడు. ఆ నమ్మకంతోనే నేను కూడా ఇంకో మాట అనలేదు. పరుగున వెళ్ళి, నడుం లోతు దాటగానే తల కింద పెట్టి దూకేశాడు.

పైకి వచ్చాడు. నేను చూశాను కూడా. నోరు తెరుచుకుని ఉంది, తల వెనక్కి వాలి ఉంది. చేతులు రెండూ పక్కలకి చాపి నీళ్ళ మీద కొడుతున్నాడు. ఆడుతున్నాడనుకున్నాను. మళ్ళీ చపాతీల డబ్బా వైపు తిరిగాను. అమ్మే అంది, "వాడు ఈదట్లేదే" అని.

ఒక్క కేక లేదు. ఇది మీరు దయచేసి గుర్తుపెట్టుకోవాలి. నీళ్ళలో మునిగేవాళ్ళు సినిమాలో చూపించినట్టు చెయ్యి ఊపి రక్షించండని అరవరు. అరవడానికి ఊపిరి కావాలి. వాళ్ళకు లేనిదే అది. ఆ ఒడ్డు ఎంత నిశ్శబ్దంగా ఉందో, మా తమ్ముడు కూడా అంతే నిశ్శబ్దంగా ఉన్నాడు. మేం మామూలుగా చేసేటట్టు స్పీకర్లో పాటలు పెట్టుకుని, నలుగురం గట్టిగా కబుర్లు చెప్పుకుంటూ ఉండి ఉంటే అమ్మ ఆ మాట అనేది కాదేమో, అన్నా నాకు వినపడేది కాదేమో.

మా ఆయన ప్యాంటుతోనే నీళ్ళలోకి పరుగెత్తారు. అప్పుడే కుక్కని తిప్పుకుంటూ వెళ్తున్న ఒక పెద్దావిడ గట్టిగా అరిచారు, "మీరు దగ్గరికి వెళ్ళకండి, ఏదైనా అందించండి!" అని. పిల్లల కోసం తెచ్చిన పొడుగాటి ఫోమ్ గొట్టం ఒకటి ఇసుకలో పడి ఉంది. మా పెద్దాడు అది విసిరాడు. మా ఆయన నడుం లోతులో నిలబడి ఒక చివర పట్టుకుని రెండో చివర అందించారు. మూడోసారికి వాడి చేతికి చిక్కింది. ఈడ్చుకుని వచ్చారు. మొత్తం కలిపి నిమిషంన్నర కూడా పట్టి ఉండదు.

ఒడ్డుకి వచ్చాక వాడి పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయి. జాకెట్ వేసుకోమని ఇస్తే వేసుకున్నాడు గానీ జిప్ పట్టుకోలేకపోయాడు. చూపుడు వేలు, బొటన వేలు దగ్గరికి రావట్లేదు. జిప్ కొస జారిపోతోంది, మళ్ళీ పట్టుకుంటున్నాడు, మళ్ళీ జారిపోతోంది. ఇరవై మూడేళ్ళ కుర్రాడు. అమ్మ తన చీర కొంగుతో వాడి తల తుడిచి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒకటో క్లాసు పిల్లాడికి వేసినట్టు ఆ జిప్ పైకి లాగింది. వాడు ఏడవలేదు గానీ, ఆ రోజంతా అమ్మ పక్క నుంచి లేవలేదు.

ఆ పెద్దావిడ మాతో పావుగంట కూర్చున్నారు. కోప్పడలేదు. "లైఫ్ జాకెట్లు తెచ్చుకోలేదా? చాలా పార్కుల్లో ఆఫీసులో అడిగితే అరువిస్తారు కదా" అన్నారు. ఆరుగురం వచ్చాం. ఆరు కేజీల పులిహోర తెచ్చాం, ఒక్క లైఫ్ జాకెట్ తేలేదు. పార్కు బీచ్‌ల దగ్గర లైఫ్‌గార్డులు ఉండరని బోర్డు ఉంటుంది. ఆ బోర్డు పక్క నుంచే నడిచి వచ్చాం, చదవలేదు.

ఇంటికి వచ్చాక నేను చాలా చదివాను. మీకు తెలిసే ఉండొచ్చు, అయినా రాస్తాను, ఎందుకంటే నాకు పన్నెండేళ్ళలో ఎవరూ చెప్పలేదు. మానిటోబా యూనివర్సిటీలో పరిశోధనలు చేసిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే ప్రొఫెసర్ ఉన్నారు. చన్నీళ్ళలో మనిషి శరీరం ఏమవుతుందో తన మీదే ప్రయోగాలు చేసుకున్న మనిషి. ఆయన చెప్పే లెక్క 1-10-1. బాగా చల్లటి నీళ్ళలో పడ్డాక మొదటి ఒక్క నిమిషం ఊపిరి మన మాట వినదు. ఆ తర్వాత పది నిమిషాలు చేతులూ కాళ్ళూ కాస్త పనికొస్తాయి, ఆ పైన వేళ్ళు, కండరాలు మొద్దుబారిపోతాయి. స్పృహ తప్పడానికి ఒక గంట. మనం భయపడేదేమో గంట తర్వాత వచ్చే చలికి. చాలామందిని తీసుకుపోయేది మొదటి నిమిషమే.

కార్తీక మాసంలో తెల్లవారుజామున గోదావరిలో మొదటి మునక వేసినప్పుడు 'హా' అని నోరు దానంతటదే తెరుచుకుంటుంది చూడండి, అదే ఇది. కాకపోతే గోదావరి చలి దీని ముందు ఏమాత్రమూ కాదు. జూన్‌లో సుపీరియర్ సరస్సులో ఒడ్డు దాటితే నీళ్ళు పది డిగ్రీలు కూడా ఉండవు. పైన ఎండ ఇరవై ఎనిమిది డిగ్రీలు కాస్తున్నా సరే. ఆ 'హా' అన్నప్పుడు తల నీళ్ళ పైన ఉంటే ఊపిరి లోపలికి పోతుంది. తల నీళ్ళలో ఉంటే నీళ్ళు పోతాయి. మా తమ్ముడు తల కింద పెట్టి దూకాడు.

అందుకే నాకు ఈత రానివాళ్ళ కంటే ఈత వచ్చిన మన పిల్లల గురించే ఎక్కువ టెన్షన్. ఈత రానివాడు మోకాళ్ళ దాకా దిగి ఆగుతాడు. కాలవలో, చెరువులో, వ్యవసాయ బావిలో నేర్చుకున్నవాడు ధైర్యంగా లోపలికి పోతాడు. వాడికి ఈత వచ్చు, చలి తెలియదు. అమెరికాలోనూ కెనడాలోనూ ఆస్ట్రేలియాలోనూ సరస్సుల్లో, జలపాతాల దగ్గర పోయిన మన విద్యార్థుల వార్తలు మనం వేసవి వేసవికీ చదువుతూనే ఉన్నాం.

ఆ వార్త వచ్చిన రాత్రి మీరు ఏం చేస్తారో నాకు తెలుసు. ఫోన్ల మీద ఫోన్లు. రాయబార కార్యాలయంతో మాట్లాడటం, విరాళాలు పోగెయ్యడం, ఊళ్ళో ఉన్న తల్లిదండ్రులకి ఎలా చెప్పాలో తెలియక చుట్టాలని వెతకడం, పిల్లాణ్ణి ఇంటికి పంపేదాకా నిద్ర లేకుండా తిరగడం. జీతం తీసుకోకుండా, సెలవు పెట్టుకుని మరీ చేస్తారు. దానికి చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. నేను అడిగేది, ఆ శ్రమలో పదో వంతు మే నెలకి ముందే పెట్టమని.

కొత్త విద్యార్థులకి మీరు సెప్టెంబరులోనూ జనవరిలోనూ పరిచయ సభలు పెడతారు. బ్యాంకు అకౌంటు, హెల్త్ కార్డు, ఇల్లు అద్దెకి తీసుకునేటప్పుడు మోసపోకుండా ఉండటం, మంచులో కారు నడపడం, అన్నీ చెప్తారు. వాటితో పాటు నీళ్ళ గురించి ఒక్క అరగంట చెప్పండి. తెలుగులో చెప్పండి. ఇంగ్లీషు బోర్డు మీద రాసింది చదివి దాటిపోతారు గానీ, "ఒరేయ్, మీ ఊరి కాలవ కాదురా ఇది" అని మన భాషలో ఒక పెద్దవాడు అంటే ఆ మాట చెవిలో ఉండిపోతుంది. ఊపిరి అందకపోతే ఈదడానికి కొట్టుకోకుండా వెల్లకిలా తేలి, ఆ ఒక్క నిమిషం గడవనివ్వాలని చెప్పండి. స్నేహితుడు మునుగుతుంటే వెనకే దూకకుండా ఏదైనా అందించాలని, విసరాలని చెప్పండి. గాలి ఊదిన ట్యూబులు, బొమ్మ పడవలు సరస్సు మీదికి తేవద్దని చెప్పండి, ఒడ్డు మీంచి గాలి తోసిందంటే అవి ఎంత దూరం పోతాయో ఎక్కినవాడికి తెలియదు. మా తమ్ముడు వచ్చి చెప్తానంటున్నాడు. సిగ్గుపడకుండా తన కథ తనే చెప్తానన్నాడు.

రెండోది లైఫ్ జాకెట్లు. మనకి సంఘం తరఫున సౌండ్ సిస్టమ్ ఉంది, స్టేజి తెరలు ఉన్నాయి, వంట గిన్నెలు ఉన్నాయి. ఎవరింట్లో ఫంక్షనైనా ఆ గిన్నెలు ఇచ్చిపుచ్చుకుంటాం. అలాగే ఒక పాతిక లైఫ్ జాకెట్లు కొని పెట్టండి. ఉత్తరం వైపు వెళ్ళే కుటుంబం శుక్రవారం తీసుకెళ్ళి మంగళవారం తెచ్చి ఇస్తుంది. కొనేటప్పుడు ఒక విషయం చూడండి. పిల్లలవి వయసును బట్టి కాదు, బరువును బట్టి వస్తాయి. వేసి బకిల్స్ అన్నీ పెట్టాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే జాకెట్ గడ్డం, చెవుల దాకా లేచిందంటే అది ఆ పిల్లకి వదులు. మా చిన్నదానికి మొదట కొన్నది అలాగే లేచింది, వెనక్కి ఇచ్చేసి ఇంకోటి తెచ్చాం.

లైఫ్ జాకెట్ వేసుకోమంటే మన కుర్రాళ్ళు నామోషీగా చూస్తారు. వాళ్ళకి ఒకటి గుర్తుచెయ్యండి. మన ఊళ్ళలో ఈత నేర్చుకున్నది ఎలా? నడుముకి ఎండు సొరకాయ బుర్ర కట్టి, జీలుగు బెండ్లు కట్టి, ట్రాక్టర్ ట్యూబు వేసి బావిలోకి దింపేవాళ్ళు. అప్పుడు ఎవరికీ నామోషీ లేదు. ఇది ఈ దేశపు బెండు, అంతే.

మూడోది పెద్దవాళ్ళకి, ముఖ్యంగా ఆడవాళ్ళకి ఈత. మా అమ్మ డెబ్భై ఏళ్ళు కాలవ గట్టు మీదే బతికింది. ఆమెకి ఈత రాదు. మగపిల్లలు లాకుల మీంచి దూకుతుంటే ఆడపిల్లలు బిందె నింపుకుని వచ్చేసేవాళ్ళు. నాకూ రాదు. ఆ రోజు వాడు మునుగుతుంటే నేను చీలమండల లోతులో నిలబడి కేకలు పెట్టాను, అంతకంటే ఏమీ చెయ్యలేకపోయాను. నిలబడ్డ ఆ కాసేపటికే చీలమండల ఎముకల్లోంచి నొప్పి మోకాళ్ళ దాకా పాకింది. వాడు ఆ నీళ్ళలో మెడదాకా ఉన్నాడు.

ఇక్కడి లైఫ్‌సేవింగ్ సొసైటీ వాళ్ళది 'స్విమ్ టు సర్వైవ్' అని ఒక కార్యక్రమం ఉంది. అందులో అడిగేది మూడే. లోతు నీళ్ళలోకి దొర్లి పడాలి, ఒక నిమిషం తేలుతూ ఉండాలి, 50 మీటర్లు ఈదాలి. మూడో తరగతి పిల్లలకి స్కూళ్ళ ద్వారా నేర్పించేది ఇదే. మన సిటీల కమ్యూనిటీ సెంటర్లలో వేడినీళ్ళ కొలనులు ఉన్నాయి, ఆడవాళ్ళకి విడిగా కేటాయించిన సమయాలు చాలాచోట్ల ఉన్నాయి. విడిగా ఒక్కతీ వెళ్ళమంటే మన ఆడవాళ్ళు వెళ్ళరు. ఏ బట్టలు వేసుకోవాలి, ఎవరైనా చూస్తారా, ఈ వయసులో ఏంటి అని ఆగిపోతారు. అదే సంఘం తరఫున పదిహేను మంది కలిసి ఒక బ్యాచ్‌గా వెళ్తే వస్తారు. కోలాటం నేర్చుకోవడానికి వచ్చిన వాళ్ళు దీనికి రారా?

ఒకరిద్దరు సభ్యులతో ఈ మాట అన్నప్పుడు "మనది సాంస్కృతిక సంఘమండీ, ఈతలూ అవీ మన పని కాదు" అన్నారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, పనులెన్ని ఉంటాయో నాకు తెలుసు. కానీ నీళ్ళు లేకుండా మనకు పండగేముంది? బతుకమ్మను నీళ్ళలో వదులుతాం. వినాయకుణ్ణి నీళ్ళలో కలుపుతాం. కార్తీక దీపాలు నీళ్ళ మీదే పెడతాం. మనిషి పోయినా నీళ్ళలోనే కలుపుతాం. ఇంతకంటే సాంస్కృతికమైన పని నాకు కనపడలేదు.

ఇంకొకరు, "ఇలా భయపెడితే ఎవరూ ఉత్తరానికి వెళ్ళరు" అన్నారు. వెళ్ళొద్దని నేను చచ్చినా అనను. ఆ మర్నాడు మేమే ఇంకా ముందుకి వెళ్ళాం. పాన్‌కేక్ బే నుంచి గంట ప్రయాణంలో అగావా రాక్ ఉంది, లేక్ సుపీరియర్ ప్రొవిన్షియల్ పార్కులో. సరస్సులోకి నిలువుగా దిగిన కొండ మీద ఓజిబ్వే పూర్వికులు ఎర్ర మట్టిరాయి పొడితో వేసిన బొమ్మలు. పడవలు, మనుషులు, కొమ్ములున్న ఒక పెద్ద పిల్లి లాంటి మృగం. దాని పేరు మిషిపెషు. సరస్సు నిమ్మళంగా ఉండటం, తుఫాను లేవడం దాని చేతిలోనే ఉంటాయని వాళ్ళ నమ్మకం. పడవ ఎక్కేముందు పొగాకు సమర్పించి వెళ్ళేవాళ్ళు. ఆ బొమ్మల దగ్గరికి నీళ్ళ అంచునే ఉన్న వాలు రాతి మీద నడవాలి. జారితే పట్టుకోవడానికి గొలుసులు, తాళ్ళు కట్టి ఉన్నాయి. అలలు లేనప్పుడే వెళ్ళాలని పార్కు వాళ్ళే బోర్డు పెట్టారు. ఈసారి బోర్డు మొత్తం చదివాం. మా తమ్ముడే పైకి చదివి అమ్మకి తెలుగులో చెప్పాడు. అమ్మ రాతి మీదికి రాలేదు. కింద చెట్టు దగ్గర నిలబడి, నీళ్ళ వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది. "మన గంగానమ్మేరా. ఎక్కడైనా తల్లి తల్లే" అంది.

తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ అట్ల రేవు దగ్గర ఆగాం. ఆ పార్కులో కొండ మీదికి ఎక్కే ఒక దారి ఉంది. పైన నిలబడితే, 1975 నవంబరు 10న ఎడ్మండ్ ఫిట్జ్‌జెరల్డ్ అనే 222 మీటర్ల సరుకు ఓడ మునిగిపోయిన వైపు కనిపిస్తుంది. 29 మంది సిబ్బందిలో ఒక్కరూ బతకలేదు, ఒక్కరి శరీరం కూడా ఒడ్డుకి చేరలేదు. మా ఆయన, తమ్ముడు, పెద్దాడు పైకి వెళ్ళొచ్చారు. నేనూ అమ్మా కిందే ఇసుకలో కూర్చున్నాం. సాయంత్రం తొమ్మిది దాటినా ఇంకా వెలుతురే. నీళ్ళు మళ్ళీ మొదటి రోజులాగే కదలకుండా, బంగారం పోసినట్టు ఉన్నాయి. అంత అందమైన చోటు నేను జన్మలో చూడలేదు. అమ్మ ఇప్పుడు ఊరికి వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే నయాగరా గురించి అడగదు. "ఆ అట్ల రేవు మళ్ళీ చూస్తానంటావా?" అంటుంది. వచ్చే ఏడు రమ్మన్నాను.

మన కుటుంబాలన్నీ ఆ ఒడ్డుకి వెళ్ళాలి. ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులని తీసుకెళ్ళాలి. ఆ నీళ్ళు నోట్లో వేసుకుని మంచినీళ్ళే అని వాళ్ళు ఆశ్చర్యపోతుంటే చూడాలి. వెళ్ళిన ఆరుగురూ తిరిగి రావాలి, అందుకోసమే ఇంత రాశాను.

మా తమ్ముడు అక్టోబరు నుంచి శనివారాలు వాళ్ళ కాలేజీ దగ్గరి కమ్యూనిటీ సెంటర్లో క్లాసుకి వెళ్తున్నాడు. ఈత వచ్చినవాడు మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుంటున్నాడు. నేను జనవరిలో చేరాను. ఇప్పటికి నలభై సెకన్లు తేలగలుగుతున్నాను.

మా గరాజులో ఆరు లైఫ్ జాకెట్లు ఉన్నాయి, నాలుగు పెద్దవాళ్ళవి, రెండు పిల్లలవి. ఆ పాతికలో ఇవి మొదటి ఆరు అనుకోండి. మీ వచ్చే సమావేశం ఎప్పుడో చెప్పండి, నేనే కారులో వేసుకుని తెస్తాను.

ఇట్లు,
మీ సభ్యురాలు,
మిస్సిసాగా